వంపు క్లిప్పు

సోమవారం పొద్దున ఏడుంబావుకు పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే పల్లెవెలుగు బస్సులో నిలబడడానికి కూడా చోటు దొరకదు. టమాట మార్కెట్టుకు పోయేవాళ్ళు, కాలేజీ పిల్లలు, కోర్టు పని ఉన్నవాళ్ళు అందరూ దాన్నే పట్టుకుంటారు. ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చినప్పటి నుంచి రద్దీ ఇంకా పెరిగింది. ఆ బస్సుకు కండక్టరు వరలక్ష్మి. నలభై ఆరేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఎంత రద్దీలోనైనా ఒకరి కాలు తొక్కకుండా ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా పోయి రాగలదు. డ్రైవరు మునెప్ప ఆరేళ్ళుగా ఆమెతో ఒకే బండి మీద పని చేస్తున్నాడు.

అంతకు పది రోజుల ముందు ఆమెకు ఒకసారి తలనొప్పి వచ్చింది. ఇంట్లో బట్టలు ఉతుకుతుంటే ఉన్నట్టుండి వచ్చి, ఒక గంట కదలనివ్వలేదు. మెడ పట్టేసింది. వీధి చివర మందుల షాపులో మాత్ర తెచ్చుకుని వేసుకుంది. మర్నాటికి తగ్గింది. ఎండలో తిరిగినందుకు వచ్చిందనుకుని ఊరుకుంది. భర్త సురేంద్రకు కూడా చెప్పలేదు.

ఆ సోమవారం బస్సు ఊరు దాటి పావుగంట అయింది. నడి బస్సులో నిలబడి ఒక ముసలాయనకు టికెట్టు కొడుతుండగా, తల వెనక భాగంలో ఎవరో బలంగా కొట్టినట్టయింది. నిజంగానే ఎవరో కొట్టారనుకుని వెనక్కి తిరిగి చూసింది. వెనక కూరగాయల గంప ఒళ్ళో పెట్టుకుని గంగులమ్మ అనే ఆమె కూర్చుని ఉంది, ఎవరి చెయ్యీ పైకి లేచి లేదు. ఆ తర్వాత కళ్ళ ముందు వెలుతురు ఎక్కువైపోయింది.

"మునెప్పన్నా, బండి ఆపు" అంది.

గట్టిగా అనలేదు. కానీ ఆరేళ్ళలో ఆమె విజిల్ ఊదకుండా నోటితో బండి ఆపమనడం మునెప్ప ఎన్నడూ వినలేదు. అద్దంలో చూశాడు. ఆమె సీటు కడ్డీ పట్టుకుని మెల్లగా కిందికి జారిపోతోంది.

బండి పక్కకు తీసి పరుగున వచ్చేసరికి గంగులమ్మ అప్పటికే గంప కింద పెట్టేసి, వరలక్ష్మిని పక్కకు తిప్పి, తల తన ఒళ్ళో పెట్టుకుంది. వరలక్ష్మి ఆమె చీర మీదే వాంతి చేసుకుంది. గంగులమ్మ కొడుక్కు మూర్ఛ ఉండేదట. ఇలాంటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టకూడదని ఆమెకు తెలుసు. ఎవరో నీళ్ళు తాగించబోతే చేత్తో అడ్డుకుంది.

ఎవరో నూట ఎనిమిదికి ఫోను చేశారు. బండి రావడానికి ఇరవై నిమిషాలు పడుతుందన్నారు. మునెప్ప ఒక్క క్షణం ఆలోచించాడు. ఇరవై నిమిషాల్లో తను మదనపల్లెకు సగం దారి దాటేస్తాడు. సీటెక్కి, బస్సంతా వినబడేలా చెప్పాడు.

"యాడా ఆపను. నడమల దిగాల్సినోళ్ళు మదనపల్లెలో దిగి, వేరే బస్సుకు తిరిగి రండప్పా."

గుంత వచ్చిన ప్రతిచోటా మునెప్ప బండి నెమ్మది చేశాడు, మిగతా దారంతా వేగంగా పోయాడు. యాభై మంది జనంతో బస్సు నేరుగా ఆసుపత్రి గేటు ముందుకు వెళ్ళి ఆగింది.

మదనపల్లె ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. అప్పటికి వరలక్ష్మికి స్పృహ వచ్చింది. తల పగిలిపోతోందని మాత్రం అంటోంది, వెలుతురుకు కళ్ళు తెరవలేకపోతోంది. బలవంతాన తెరవమంటే కుడి కన్ను తెరుచుకుంది కానీ ఎడమ రెప్ప సగంలోనే వాలి ఉండిపోయింది. డాక్టరమ్మ దాన్ని చూసిన వెంటనే తలకు స్కాను రాసింది. స్కానులో మెదడు కింది భాగం చుట్టూ తెల్లగా కనిపించింది. అదంతా రక్తమే.

డాక్టరమ్మ మూడు చోట్లకు ఫోను చేసింది. తిరుపతిలో వెంటిలేటరు మంచం ఖాళీ లేదన్నారు. బెంగుళూరులో తీసుకురమ్మన్నారు కానీ ఎంతసేపట్లో లోపలికి తీసుకుంటారో చెప్పలేమన్నారు. మూడోది కుప్పం. అక్కడ మెదడు ఆపరేషన్లు చేసే డాక్టరు ధనుంజయ స్కాను ఫోటో తన ఫోనులో చూసి, ఇప్పుడే పంపించమని, దారిలో ఆమెకు రక్తపోటు పెరగకుండా చూడమని, తల కొంచెం ఎత్తులో పెట్టమని చెప్పాడు.

కుప్పం పోయే దారి పుంగనూరు మీదుగానే. సురేంద్రకు అక్కడ మోటార్లకు రాగితీగ చుట్టే వైండింగ్ షాపు ఉంది. మునెప్ప ఫోను అందుకోగానే షాపు తలుపు కూడా వేయకుండా వచ్చి రోడ్డు మీద నిలబడ్డాడు. అంబులెన్సు ఆగింది, ఎక్కాడు. భార్య చెయ్యి పట్టుకున్నాడు. మాట్లాడించవద్దని అంబులెన్సు అతను చెప్పాడు. పలమనేరు దాటి, వెంకటగిరికోట దాటేదాకా రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా సురేంద్ర ఆమె తలకు రెండు వైపులా చేతులు అడ్డం పెట్టేవాడు.

ధనుంజయ రామకుప్పం దగ్గర పల్లెలో పుట్టినవాడు. వాళ్ళ నాన్న ఇప్పటికీ రాగి పంట వేస్తాడు, ఏనుగులు తొక్కగా మిగిలింది ఇంటికి తెచ్చుకుంటాడు. ధనుంజయ పెద్ద ఊళ్ళలో చదువుకుని, రెండేళ్ళ కిందట కుప్పం ఆసుపత్రిలో చేరాడు. ఇక్కడ అతనికి ఉన్నవి, వేరే ఆసుపత్రి వాడి వదిలేసిన ఒక మైక్రోస్కోపు, పావని అనే మత్తు డాక్టరు, యమున అనే థియేటరు నర్సు. మెదడు ఆపరేషనుకు పనిముట్లు అందించడం యమున ఈ రెండేళ్ళలో అతని దగ్గరే నేర్చుకుంది.

మధ్యాహ్నానికి రక్తనాళాల స్కాను కూడా అయింది. ధనుంజయ సురేంద్రను వరలక్ష్మి మంచం దగ్గరే కూర్చోబెట్టి మాట్లాడాడు. జబ్బు ఆమెది కాబట్టి ఆమె కూడా వినాలన్నాడు.

"టైరు లోపల ట్యూబు ఒకచోట పలచబడి బుడగ లేస్తాది సూడండి, అట్లా ఈమెకు మెదడులో ఒక రక్తనాళం మీద బుడగ లేసింది. పొద్దున అది కారింది. ఇప్పుడు రక్తం గడ్డకట్టి ఆ చిల్లును మూసి పెట్టుకోనుండాది. అది ఎంతసేపు నిలుస్తాదో నాకు తెలీదు."

బెంగుళూరుకు తీసుకుపోతే ఎలా ఉంటుందని సురేంద్ర అడిగాడు. ధనుంజయ దాచలేదు. అక్కడ తల తెరవకుండా, తొడలోని రక్తనాళం గుండా సన్న తీగ పంపి బుడగను లోపలినుంచే మూస్తారని, ఆ సౌకర్యం తన దగ్గర లేదని చెప్పాడు. తాను తల తెరిచి ఆ బుడగ మొదట్లో చిన్న క్లిప్పు పెట్టాలి. పోతామంటే ఆపనని, అక్కడి డాక్టర్లకు తానే ఫోను చేస్తానని అన్నాడు. అక్కడ మంచం దొరికేదాకా ఎన్ని గంటలు పడుతుందో మాత్రం తన చేతిలో లేదు. దారిలో మళ్ళీ కారితే ఆమె బతకడం కష్టం.

సురేంద్ర, "మీరు ఇట్లాంటివి ఎన్ని సేసినారు సార్?" అన్నాడు.

"ఈడికి వచ్చినాక పదకొండు. తొమ్మిది మంది నడిచి ఇంటికి పోయినారు. ఒకాయనకు చెయ్యి పడిపోయింది. ఒకామె బతకలేదు."

ఆ చివరి మాటకు సురేంద్ర భయపడ్డాడు. కానీ, ఆ మాట చెప్పకుండా దాటేసి ఉంటే ఈ మనిషిని ఇంతగా నమ్మేవాణ్ణి కాదని కూడా అప్పుడే అనిపించింది. ఏం చేయాలో తోచక భార్య వైపు చూశాడు. వరలక్ష్మి కళ్ళు మూసుకునే ఉంది.

"ఇంగ యాడికీ వద్దు" అంది ఆమె. "నేను ఈడే దిగేస్తా."

ధనుంజయకు ఒక చిక్కు మిగిలింది. అతని దగ్గర మూడు క్లిప్పులున్నాయి, మూడూ తిన్ననివే. స్కానులో బుడగ నాళానికి లోపలి పక్క నుంచి లేచి ఉంది. తిన్నని క్లిప్పు పెడితే పక్కనే ఉన్న సన్న నాళం ఒకటి దాని కింద నలుగుతుంది. అది నలిగితే ఆమె కుడి చెయ్యి, కుడి కాలు పోతాయి. వంపు తిరిగిన క్లిప్పు కావాలి. కంపెనీ వాళ్ళను అడిగితే రెండు రోజులన్నారు. బెంగుళూరులో పని చేసే తన సహచరుడికి ఫోను చేస్తే, తన దగ్గర ఒకటుందని, మనిషిని పంపితే ఇస్తానని అన్నాడు.

ఆ మనిషి మునెప్ప అయ్యాడు. అతను బస్సును వేరే డ్రైవరుకు అప్పజెప్పి, డిపోలో సెలవు చెప్పి, ఏమైనా పనుంటే చెప్పమని అప్పటికే రెండుసార్లు సురేంద్రకు ఫోను చేశాడు. మదనపల్లెలో మధ్యాహ్నం బస్సెక్కి సాయంత్రానికి బెంగుళూరు చేరాడు. ఆసుపత్రి మెట్ల దగ్గర ఆ డాక్టరు అతని చేతిలో అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద డబ్బా పెట్టాడు. ఆపరేషను మర్నాడు పొద్దున పెట్టుకున్నారు కాబట్టి ఆ రాత్రి చుట్టాల ఇంట్లో పడుకుని, తెల్లవారగానే కుప్పం వైపు పోయే రైలెక్కాడు. డబ్బాను లోపలి చొక్కా జేబులో పెట్టుకుని, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. పక్కనున్నాయన గుండెనొప్పి ఏమైనా వచ్చిందా అని అడిగాడు. లేదప్పా అన్నాడు కానీ చెయ్యి తీయలేదు.

ఎనిమిదిన్నరకు కుప్పంలో దిగేసరికి స్టేషను బయట యమున ఆటోలో కాచుకుని ఉంది. డబ్బా ఆమెకిచ్చాక మునెప్పకు ఏం చేయాలో తెలియలేదు. తనూ అదే ఆటోలో ఎక్కాడు. క్లిప్పు ఆవిరి పెట్టెలో శుద్ధి అవుతుండగానే వరలక్ష్మికి మత్తు ఇచ్చారు.

ఎడమ వైపు జుట్టు తీసి, ఎముకను అరచేతి వెడల్పున తెరవడానికి గంటన్నర పట్టింది. ఆ తర్వాత ధనుంజయ మైక్రోస్కోపులోంచి తల ఎత్తలేదు. మెదడు రెండు మడతల మధ్య దారి చేసుకుంటూ, గడ్డకట్టిన రక్తాన్ని కొంచెం కొంచెంగా కడుగుతూ లోపలికి పోయాడు. రక్తనాళం కనిపించింది. దాని మీద ఎర్రగా, పలచగా, లోపలి రక్తం సుడి తిరగడం కూడా కనబడేలా ఆ బుడగ ఉంది. శనగ గింజంత ఉంటుంది.

దాని మొదలు చుట్టూ చోటు చేస్తుండగా అది పగిలింది.

మైక్రోస్కోపు కింద అంతా ఎర్రగా అయిపోయింది. ధనుంజయ గొంతు పెంచలేదు. యమున రక్తం లాగే రెండో గొట్టం అతని ఎడమ చేతికి అందించింది, అడగకముందే తాత్కాలిక క్లిప్పు కుడి చేతిలో పెట్టింది. అతను నాళానికి కింద, బుడగకు ముందు, దాన్ని బిగించాడు. రక్తం తగ్గింది. కానీ ఆ క్లిప్పు ఉన్నంతసేపూ మెదడులో కొంత భాగానికి రక్తం సరిగా అందదు. అయిదు నిమిషాలు మించకూడదు.

"ఒకటి" అంది పావని, తన యంత్రాల వైపే చూస్తూ.

అతను బుడగ మొదలును అన్ని వైపులా విడదీశాడు. పావని రెండు అంది. సన్న నాళాన్ని పక్కకు తప్పించాడు. మూడు అన్నప్పుడు యమున వంపు క్లిప్పు అందించింది. పెట్టాడు. వదిలి చూస్తే బుడగలో ఒక మూల ఇంకా కొట్టుకుంటోంది. మళ్ళీ తెరిచి తీశాడు. పావని నాలుగు అంది. అదే స్వరం. అతను ఒక్క వెంట్రుక వాసి లోపలికి జరిపి మళ్ళీ పెట్టి, తాత్కాలిక క్లిప్పు తీసేశాడు.

రక్తం రాలేదు. పెద్ద ఆసుపత్రుల్లో అయితే అప్పటికప్పుడు ఎక్స్‌రే తీసి బుడగ మూసుకుందో లేదో, నాళాలు పని చేస్తున్నాయో లేదో చూస్తారు. ఇక్కడ ఆ వీలు లేదు. ధనుంజయ సన్న సూదితో బుడగను పొడిచాడు. అది గాలి తీసిన సంచిలా ముడుచుకుపోయింది. పక్కనున్న సన్న నాళం ఎర్రగా, నిండుగా, కొట్టుకుంటూనే ఉంది. అతను దాన్ని చాలాసేపు చూశాడు.

మధ్యాహ్నం రెండు గంటలకు అతను బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చున్న సురేంద్ర పక్కనే కూర్చున్నాడు. క్లిప్పు పడిందని, చెయ్యి కాలు కదిలిస్తుందో లేదో మెలకువ వస్తే గానీ తెలియదని చెప్పాడు. మునెప్ప కొంచెం దూరంలో నిలబడి ఆ మాటలు విని, కొళాయి దగ్గరికి పోయి చాలాసేపు ముఖం కడుక్కున్నాడు.

మెలకువ వచ్చేసరికి నాలుగు దాటింది. ధనుంజయ ఆమె పేరు పెట్టి పిలిచి, కుడి చెయ్యి ఎత్తమన్నాడు. ఆమె ఎడమ చెయ్యి ఎత్తింది. అది కాదు, కుడిది అన్నాడు. కదలలేదు. మళ్ళీ అడిగాడు. సురేంద్ర తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి ఆమె కుడి చేతి వేళ్ళు దుప్పటి మీద కదిలాయి. తర్వాత ఆ చెయ్యి లేచింది, గొంతులో ఉన్న గొట్టం పీకేయడానికి నేరుగా దాని మీదికే పోయింది. పావని నవ్వుతూ ఆ చెయ్యి పట్టుకుంది.

గొట్టం తీసేశాక ఆమె మొదట అడిగింది గంగులమ్మ గురించి.

"ఎవురి చీర మీదో కక్కినాను. ఆయమ్మకు సెప్పండి, తెలిసి సేయలేదని."

తాను చెప్తానని మునెప్ప మాట ఇచ్చాడు. వారం తిరక్కుండా అదే బస్సులో గంగులమ్మను చూసి చెప్పాడు కూడా. ఆమె ఆ సంగతి పక్కన పెట్టి, మనిషి తింటోందా లేదా అని అడిగింది.

ఆపరేషను బాగా అయినంత మాత్రాన గండం గడిచినట్టు కాదని ధనుంజయ ముందే చెప్పాడు. మెదడు చుట్టూ కారిన రక్తం వల్ల నాలుగో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా రక్తనాళాలు ముడుచుకుపోవచ్చు. దానికి నాలుగు గంటలకొకసారి మాత్ర వేయాలి, ఒక్కటి కూడా తప్పకూడదు. నాళాలు ముడుచుకుంటున్నాయో లేదో చూపించే యంత్రం ఆ ఆసుపత్రిలో లేదు. కాబట్టి నర్సులు గంటకొకసారి ఆమెను లేపి, పేరు, ఊరు అడిగేవాళ్ళు, రెండు చేతులూ చాచమనేవాళ్ళు. వరలక్ష్మికి విసుగొచ్చి, పేరు కాగితం మీద రాసి గోడకు అంటించుకోమంది.

ఏడో రోజు పొద్దున, థియేటరు పని లేనప్పుడు వార్డు కూడా చూసే యమున వచ్చి ఊరేదని అడిగితే ఆమె చాలాసేపు ఆలోచించింది. తర్వాత ఏదో చెప్పింది, మాట ముద్దగా వచ్చింది. చాచిన చేతుల్లో కుడిది మెల్లగా కిందికి దిగిపోయింది. యమున పరుగున వెళ్ళి ధనుంజయను పిలుచుకొచ్చింది. అతను మందులతో రక్తపోటు పెంచాడు, సెలైను ఎక్కించాడు. ముడుచుకున్న నాళాల్లోంచి రక్తం బలవంతంగానైనా పోవాలి, అంతకు మించి చేయగలిగింది అక్కడ లేదు. ఆ రోజంతా అతను ఓపీ చూస్తూనే, మధ్య మధ్యలో వచ్చి ఆమె చెయ్యి ఎత్తించి చూసి పోయాడు. సురేంద్ర అన్నం ముట్టలేదు. ఆమె అతన్ని గుర్తుపట్టింది కానీ పేరు చెప్పలేకపోయింది. పద్దెనిమిదేళ్ళుగా బస్సులో ఊళ్ళ పేర్లు అరిచిన మనిషి ఒక్క పేరు కోసం అలా వెతుక్కోవడం అతను చూడలేకపోయాడు.

మర్నాడు సాయంత్రానికి చెయ్యి కాస్త నిలబడింది. తొమ్మిదో రోజు పొద్దున యమున ఊరడిగితే, "పుంగనూరు. నిన్న కూడా అదే, రేపు కూడా అదే" అంది వరలక్ష్మి. యమున ఆ మాటను వార్డంతా చెప్పుకుంది.

ఆమె ఎడమ రెప్ప పూర్తిగా లేవడానికి మూడు నెలలు పట్టింది. అప్పటిదాకా ఒక వస్తువు రెండుగా కనిపించేది. ఆర్నెల్లకు మళ్ళీ ఉద్యోగంలో చేరింది. డిపోలో మొదట కూర్చుని చేసే పనే ఇచ్చారు. కుడి చేతి పట్టు కొంచెం తగ్గింది, రాగి ముద్ద కలియబెట్టేటప్పుడు మాత్రమే ఆ సంగతి తెలుస్తుందని అంటుంది.

కానీ పదిహేనో రోజుకు అవేవీ ఎవరికీ తెలియవు. ఆ రోజు పదకొండు గంటలకు ధనుంజయ వచ్చి, కొత్త స్కాను చూసి, ఆమెను వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిపించాడు. సురేంద్ర ఒక పక్కన, యమున ఒక పక్కన నడిచారు, ఎవరూ పట్టుకోలేదు. ఇంక భయం లేదని, రెండు రోజుల్లో ఇంటికి పోవచ్చని డాక్టరు చెప్పాడు. తన లెక్కలో పన్నెండులో పది అయిందని అతను చెప్పలేదు కానీ, సురేంద్ర మనసులో ఆ లెక్క వేసుకున్నాడు.

డాక్టరు వెళ్ళాక, టిఫిను తెస్తానని సురేంద్ర బయటికి పోయాడు. గంట దాటినా రాలేదు. యమున వెతుక్కుంటూ పోతే, వార్డు బయట బెంచీ మీద, చెప్పులు కూడా విప్పకుండా, చేతిలో ఇడ్లీ పొట్లంతో కూర్చున్న చోటే నిద్రపోతూ కనిపించాడు. మనుషులు పోతున్నారు, వస్తున్నారు, స్ట్రెచరు చక్రాలు కిర్రుమంటున్నాయి. అతనికి ఏదీ వినబడడం లేదు.

ఆమె లోపలికి వచ్చి ఆ సంగతి చెప్పి, లేపమంటారా అని అడిగింది.

వరలక్ష్మి దిండు మీద నుంచి లేచి కూర్చుని, తలుపులోంచి తొంగి చూసింది. అతని తల పక్కకు వాలి, నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

"వద్దమ్మా, పండుకోనీ" అంది. "నాకేం ఆకలి లేదు. ఆ పొట్లం మాత్రం జారి కిందపడకుండా తీసి పక్కన పెట్టు."